వాన నీటి దారి - ఇరుగుపొరుగు హక్కు

హైదరాబాదులో వరద అనగానే 1908 సెప్టెంబరు 28 గుర్తుకు వస్తుంది. ఆనాడు మూసీ పొంగి సుమారు పదిహేను వేలమందిని బలిగొన్నదని అంచనా. మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1909లో పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య కారణాలు పరిశీలించగా, నదీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నది ఉధృతి తగ్గింది. కాని ఇంటి కప్పు మీదా, వీధిలోనూ పడిన వాన ఎటు పోవాలన్న ప్రశ్న నగరం పెరిగేకొద్దీ జటిలమైంది. ఉప్పల్ ప్రాంతమే దీనికి తార్కాణం.

ఉప్పల్, నాచారం, రామంతాపూర్ ఒకప్పుడు చెరువుల కింద సాగు చేసుకున్న గ్రామాలు. నాచారం పెద్ద చెరువు, రామంతాపూర్ చెరువులు, ఉప్పల్ నల్లచెరువు ఆ కాలానికి సాక్షులు. దక్కనులో చెరువులను గొలుసుకట్టుగా తవ్వేవారు. ఎగువ చెరువు నిండితే అలుగు పారేది; ఆ నీరు వాగు వెంట దిగువ చెరువుకూ, చివరకు నదికీ చేరేది.

ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఇక్కడ పరిశ్రమలు, పరిశోధనా సంస్థలు, వాటి వెంట కాలనీలు వెలిశాయి. 2007లో ఉప్పల్ పురపాలక సంఘం మహానగరపాలక సంస్థలో కలిసింది. పొలాలు ప్లాట్లయ్యాయి, వాగులు సన్నని నాలాలయ్యాయి. పొలం వానను కొంత తాగుతుంది, సిమెంటు తాగదు. రెండు వందల గజాల కప్పు మీద పది సెంటీమీటర్ల వాన పడితే పదహారు వేల లీటర్లకు పైగా నీరు వీధిలోకి వస్తుంది. 2020 అక్టోబరు 13న ఉప్పల్‌కు తూర్పున ఉన్న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో సుమారు 32 సెంటీమీటర్ల వర్షం కురిసింది. రామంతాపూర్ చెరువు పొంగి హబ్సిగూడ, రవీంద్రనగర్ వీధులను ముంచింది. నీరు తన పాత దారినే వెతుక్కున్నది.

ఈ సమస్య ఇస్లామీయ ధర్మశాస్త్రానికి కొత్తది కాదు. మదీనాలోని మహ్‌జూర్ వాగు విషయంలో దైవప్రవక్త (స) చేసిన తీర్పు ప్రసిద్ధం. ఎగువవాడు తన పొలంలో చీలమండల దాకా నీరు నిలుపుకొని, మిగిలినది దిగువవానికి వదలాలి. అది నీటి కొరతకు సంబంధించిన తీర్పు. వాన నీరు బయటికి పోయే విషయంలో ఫుఖహాలు వేరుగా ‘హఖ్ఖె మసీల్’, అనగా నీరు పారే హక్కును గుర్తించారు. హనఫీ సూత్రాలను క్రోడీకరించి 1869, 1876 మధ్య ఉస్మానియా రాజ్యం వెలువరించిన ‘మజల్లా’ దీనిని వివరించింది. ఒకరి ఇంటి వాన నీరు పూర్వం నుండి పొరుగువాని స్థలం మీదుగా పారుతూ ఉంటే, అతడు దానిని అడ్డగించరాదు. అయితే హానికి ప్రాచీనత ఉండదని కూడా అదే గ్రంథం నిర్ణయించింది. వీధిలోకి మురుగు వదిలేవాడు, అది తాతలనాటి అలవాటని చెప్పి తప్పించుకోలేడు.

ఈ రెండు సూత్రాలూ నేటి ఉప్పల్‌కు వర్తిస్తాయి. నాలాను పూడ్చినవాడు దిగువవాని హక్కును హరిస్తున్నాడు. వాన నీటి నాలాలోకి మురుగు మళ్ళించినవాడు హాని తలపెడుతున్నాడు. వాగును ప్లాటుగా అమ్మి, ఆ లోపం దాచినవాని నేరం మరింత పెద్దది. తెలియక కొన్న పేదవాని ఇల్లు తొలగించవలసి వస్తే, అతనికి న్యాయమైన పరిహారం ఇవ్వడం కూడా ధర్మమే.

2021లో ప్రభుత్వం నాలాల అభివృద్ధి పథకం చేపట్టింది. 2024లో చెరువుల ఆక్రమణలను అరికట్టేందుకు హైడ్రా ఏర్పడింది. ఇవి అవసరమే. ఐతే ప్రతి ఇంట ఇంకుడు గుంత తవ్వడం, నాలాలో చెత్త వేయకుండా ఉండడం ఏ ప్రభుత్వ ఉత్తర్వు కోసమూ ఆగవలసిన పనులు కావు. పొరుగువానికి హాని చేయరాదన్న విధి, మన గుమ్మం దాటి పోయే వాన నీటికీ వర్తిస్తుంది.