అనుమతి నుంచి హక్కు దాకా: నారాయణపేట సీమలో సర్కారు బడి

నిజాం కాలంలో నారాయణపేట బజారులో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించేవి; సర్కారు బడిలో మాత్రం పై చదువు ఉర్దూలోనే. ఆ లోటు తీర్చినవి ఊరివాళ్లు పంతులుకు గింజలు కొలిచి నిలుపుకున్న ఖాన్గీ బడులు. 1920లలో వచ్చిన నిబంధనలు వాటికీ ముందస్తు అనుమతి ఉండాలన్నాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో తొలిసారి కొలువుదీరిన ఆంధ్ర మహాసభ ఆ కట్టడి ఎత్తేయాలనీ, తల్లిభాషలో చదువు చెప్పాలనీ పదే పదే అడిగింది. బడి పెట్టుకోవడమే ఒక ఉద్యమమైన రోజులవి.

1956లో రాయచూరు నుంచి గద్వాల, ఆలంపూరు, గుల్బర్గా నుంచి కొడంగల్ పాలమూరులో కలిశాయి. సరిహద్దు మారినా కృష్ణ మండలం వైపు కన్నడ మాధ్యమం బడులు నిలిచాయి. మూడేళ్లకు, 1959 అక్టోబరు 11న, అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న షాద్‌నగర్‌లో నెహ్రూ రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ప్రాథమిక బడులు పంచాయతీ సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుకు దక్కాయి. 1986 చట్టంతో మండల పరిషత్తులొచ్చాక సమితి బడి మండల పరిషత్తు బడి అయింది. గోడ మీద 'మం.ప.ప్రా.పా.' అన్న పొట్టి అక్షరాల వెనుక ఉన్నది ఈ చరిత్రే.

1982 విద్యా చట్టం పాఠశాలల స్థాపనకూ గుర్తింపుకూ చట్టరూపం ఇచ్చింది. ప్రాథమికోన్నత బడి హైస్కూలు కావాలంటే ఎంఈవో ప్రతిపాదన డీఈవో మీదుగా డైరెక్టరేటుకు చేరాలి, జీవో రావాలి. పోస్టులు మంజూరు కాకుంటే ఆ జీవో కాగితంగానే మిగులుతుంది. 2010 ఏప్రిల్ 1న అమలుకొచ్చిన విద్యాహక్కు చట్టం లెక్కను తిరగేసింది: బడి కోసం ఊరు అడుక్కోనక్కర్లేదు, ఏర్పాటు చేయడం సర్కారు బాధ్యత. ప్రాథమిక బడి కిలోమీటరులో, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్లలో ఉండాలి.

2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా అయ్యాక ఫైలు మహబూబ్‌నగర్ దాకా పోవడం తప్పింది. 2022-23లో ఇంగ్లీషు మాధ్యమం, ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. మూసివేత తీరు మాత్రం వేరు. బడి తెరవడానికి ఇన్ని మెట్లుంటే, మూతపడటానికి హాజరు పట్టీలో సున్న చాలు: టీచరును పక్క ఊరికి సర్దుబాటు చేస్తారు, తలుపుకు తాళం పడుతుంది. పంట కోతల తర్వాత ముంబై, పుణె బాట పట్టే కుటుంబాల వెంట పిల్లలూ పోయే ఈ సీమలో, ఒక్క తేదీ నాటి సంఖ్యను బట్టి బడి బతుకు తేల్చడం అన్యాయం. తాళం వేసే ముందు పాఠశాల యాజమాన్య కమిటీనీ గ్రామసభనూ అడిగి, వలస నుంచి వచ్చే పిల్లల పేర్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి.