సైకిల్ బాడుగ, రెండు రూపాయల బూట్లు

పోస్టు కొంచెం పెద్దది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకోండి.

పోయిన నెల మదనపల్లెలో మా హాస్టల్ రూములో ఆరుగురం ఒకే ఫోన్ ముందర కూర్చొని ‘మైదాన్’ సినిమా చూసినాం. హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మీద 2024లో వచ్చిన హిందీ సినిమా అది. అయిపోయినాక మా రూములో చిన్నోడు, రామసముద్రం పక్క తండా పిల్లోడు, ఒక మాట అడిగినాడు. “అన్నా, రహీం సారు కథ అర్థమైంది. ఆ సికింద్రాబాద్ పిల్లోడు బలరాం తర్వాత ఏమైనాడు?”

నాకు తెలీదు. హిస్టరీ డిగ్రీ చదువుతా ఉన్నా, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. అయినా తెలుగు నేల మీద పుట్టి ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టిన మనిషి గురించి ఒక్క ముక్క చెప్పలేకపోయినా. సిగ్గేసింది. అప్పట్నుంచి దొరికినంత చదివినా. ఒక సంగతి ముందే చెప్పేస్తా, ఆయన గిరిజనుడు కాదు. తమిళం మాట్లాడే ఇంటి బిడ్డ. మరి ఈ గ్రూపులో ఆయన గురించి ఎందుకు అంటారేమో, చదవండి, మీకే తెలుస్తుంది.

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ దగ్గర అమ్ముగూడలో పుట్టినాడు. బీద కుటుంబం. ఆ చుట్టుపక్కలంతా మిలిటరీ వాళ్ల బ్యారక్‌లు, మైదానాలు. మన జిల్లాలో పిల్లోళ్లకు కబడ్డీ ఎట్లనో, అక్కడి పిల్లోళ్లకు ఫుట్‌బాల్ అట్ల. సిపాయిలు ఆడతా ఉంటే చూసి నేర్చుకున్న ఆట. బలరాం కూడా అట్లనే నేర్చుకున్నాడు.

ఇక్కడ బూట్ల సంగతి చెప్పాల. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆటగాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఆడినారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడినాక, ఇక బూట్లు లేకుండా ఆడేదే లేదని ఫెడరేషన్ నిర్ణయించింది. ఆట కోసం చూస్తే మంచి నిర్ణయమే. అయితే బీద పిల్లోని వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా కాళ్లుంటే చాలు. నేడు కాళ్లతోపాటు బూట్లు కావాల. చరిత్రలో ఇట్లాంటి రూల్స్ చానా ఉన్నాయి. ఎవురికీ చెడు చేయాలని పెట్టరు, కానీ వాకిట్లో ఒక కొత్త గడప లేస్తుంది.

బలరాం ఆ గడప దాటింది ఎట్లంటే, ఒక చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు పోయి, పోలీసోళ్లు పారేసిన పాత బూట్లను ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకున్నాడు. ఖర్చు రెండు రూపాయలు. ఆయన పెద్దయినాక ఇంటర్వ్యూల్లో ఈ సంగతి చెప్పుకున్నాడు. ఒలింపిక్స్‌కు పోయిన కెరీర్ ఆ కుట్టుతో మొదలైంది. కుట్టినాయన పేరు మాత్రం యాడా దొరకలేదు నాకు.

తర్వాత రహీం కంట్లో పడినాడు. రహీం అంటే అప్పటికే పెద్ద పేరు. బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆయన పద్ధతులు కూడా వేరే. డ్రిబ్లింగ్ చేయకూడదని రూలు పెట్టి పోటీలు నడిపేవాడు. బలం తక్కువున్న కాలితోనే తన్నాలని ఆడించేవాడు. అట్లాంటాయన సికింద్రాబాద్‌లో ఈ పిల్లోని ఆట చూసి, హైదరాబాద్ జట్టు సెలెక్షన్‌కు రమ్మన్నాడు.

బలరాం ఏం చెప్పినాడో తెలుసా? రోజూ సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చిపోయేదానికి నా దగ్గర దుడ్లు లేవని చెప్పినాడు. రహీం ‘అయ్యో పాపం’ అని ఊరుకోలేదు, ‘ఆట మీద ప్రేముంటే ఎట్లయినా వస్తావులే’ అని నీతులూ చెప్పలేదు. సైకిల్ తొక్కడం వచ్చునా అని అడిగినాడు. వచ్చునంటే, బాడుగ సైకిల్‌కు దుడ్లు తానే ఇచ్చినాడు.

ఇది చదివి పుస్తకం మూసేసి కాసేపు గమ్మున కూర్చున్నా. ఎందుకంటే, ఇంటర్ రెండో సంవత్సరంలో నాకూ ఒక సెలెక్షన్ వచ్చింది. కుప్పంలో, పొద్దున ఏడు గంటలకు గ్రౌండులో ఉండాలన్నారు. మా తండా పుంగనూరుకు ఎనిమిది కిలోమీటర్లు. మొదటి బస్సు పట్టుకొని పుంగనూరు వచ్చి, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరేలోపు తొమ్మిది దాటిపోతుంది. ముందురోజే పోయి యాడన్నా పడుకోవాల. ఆ వారంలోనే టమోటా ధర పడిపోయింది. మా నాయన మదనపల్లె మార్కెట్‌కు కాయ తోలి, ఆటో బాడుగ కట్టి, చేతిలో ఏమీ లేకుండా ఇంటికొచ్చినాడు. మా యాడి కోత కూలీలకు ఏం చెప్పాలా అని వాకిట్లోనే కూర్చొని ఉండాది. ఆమెను దుడ్లు అడిగేదానికి నోరు రాలేదు. పీడీ సారుకు ఫోన్ చేసి జ్వరం సార్ అని చెప్పినా. ఆయన సరేలే అన్నాడు. జ్వరం కాదని ఇప్పటిదాకా ఎవురికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి.

సారును తప్పు పట్టడం లేదు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు, అంతే జరిగింది. బలరాం మాత్రం ఉన్నదున్నట్టు చెప్పినాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో ‘నా దగ్గర లేవు’ అనే మాట పైకి అనడం ఎంత కష్టమో మన హాస్టళ్లలో ఉన్నోళ్లకు వేరే చెప్పబల్లేదు.

మళ్లీ చరిత్రలోకి వస్తా. ఆ సైకిల్ మీద పోయిన పిల్లోడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు విమానం ఎక్కినాడు. అప్పుడు ఆయనకు 20 ఏళ్లు, ఇప్పుడు నాకెంతో అంతే. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టినాడు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనదే, చివరికి 4-1తో ఓడినాం. తర్వాత బల్గేరియా చేతిలో కూడా ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చినారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎప్పుడూ పోలేదు. నాలుగేళ్ల ముందు 10-1, ఇప్పుడు 4-1. ఓటమే అనుకోండి, ఆ రెండింటి మధ్య దూరం కూడా లెక్కలోకి తీసుకోవాల.

1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్ ఆయన్ను తీసుకుంది. అప్పట్లో ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకునే ప్రొఫెషనల్ అనే మాట మన దేశంలో అధికారికంగా లేదు. క్లబ్బులు ఏదో ముట్టజెప్పేవి, అన్నం పెట్టేది మాత్రం రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగమే. హైదరాబాద్ నుంచి మంచి ఆటగాళ్లు కలకత్తాకు పోవడం అప్పుడు మామూలే. మన తండాల వాళ్లు ఇప్పుడు బెంగళూరుకు బిల్డింగ్ పనులకు పోయినట్టు, పని యాడుంటే ఆడికి పోయినారు. భాష రాదు, తిండి వేరే. ఆయన ఈస్ట్ బెంగాల్‌కు వందకు పైగా గోల్స్ కొట్టినాడు. 1961లో ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉండి కలకత్తా లీగ్ గెలిపించినాడు. ఆ ఏడాది లీగ్‌లో 23 గోల్స్ కొట్టి అందరికంటే పైన నిలబడింది కూడా ఆయనే.

ఆయన ఆడే చోటు గురించి రెండు మాటలు. ముందు వరసలో యాడ నిలబెట్టినా ఆడేవాడు, కానీ దేశం జట్టులో ఎక్కువగా ఎడమ అంచున. వింగర్ అంటారు. ఆ గీత పక్కన నిలబడినోనికి బంతి ఊరికే రాదు. మధ్యలో ఉన్నోళ్లు చూసి ఇస్తేనే వస్తుంది. వచ్చేదాకా ఉత్త పరుగే. వచ్చినాక అంచు వెంబడే దూసుకుపోయి మధ్యలోకి బంతి వేస్తే ఇంకొకరు గోల్ కొడతారు, పేపర్లో వాళ్ల పేరు పడుతుంది. నేను కూడా ఎడమ పక్కే ఆడతా, అందుకే ఈ కడుపుమంట. బలరాం మాత్రం అంచు నుంచి లోపలికి తిరిగి తానే గోల్ కొట్టగలిగినోడు.

1960లో రోమ్ ఒలింపిక్స్. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీతో 2-1తో ఓడినాం, మన గోల్ బలరాందే. ఆ హంగరీయే చివరికి కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్‌తో 1-1, పి.కె.బెనర్జీ గోల్. పెరూతో 3-1తో ఓడినాం, ఆ ఒక్క గోల్ కూడా బలరాందే. అంటే రోమ్‌లో మన దేశం కొట్టిన మూడు గోల్స్‌లో రెండు ఈ అమ్ముగూడ మనిషివి. ఆ తర్వాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆడనే లేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల కథ సినిమాలో చూసే ఉంటారు, పొడిగించను. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో ఓటమి, తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాం మీద గెలుపు. జపాన్ మీద కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి బలరాందే. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ కొరియా. స్టేడియం అంతా మనకు ఎదురుగా అరుస్తా ఉంటే పి.కె., జర్నైల్ సింగ్ గోల్స్‌తో 2-1తో గెలిచినారు. బంగారు పతకం. బలరాంకు ఆ ఏడాదే అర్జున అవార్డు.

అంతా బాగుంది కదా అనుకునేలోపు 1963 వచ్చింది. జూన్‌లో రహీం క్యాన్సర్‌తో చనిపోయినాడు. జకార్తాలోనే ఆయనకు జబ్బు ముదిరి ఉండాది. అదే ఏడాది బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. 27 ఏళ్లకే ఆట ఆగిపోయింది. ఆయన రైల్వేలో ఉద్యోగం చూసుకొని బెంగాల్‌లోనే ఉండిపోయినాడు. చానా కాలం హుగ్లీ నది పక్కన ఉత్తరపారాలో ఒక్కడే బతికినాడు. పెళ్లి చేసుకోలేదు.

పి.కె., చునీ గోస్వామి, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపే చెప్తారు ఆ కాలం గురించి రాసేవాళ్లు. చునీకి 1983లో పద్మశ్రీ, పి.కె.కు 1990లో పద్మశ్రీ. బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయేదాకా రాలేదు. తాను చనిపోతే శవాన్ని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు తీసుకుపోవద్దని ముందే చెప్పినాడంట, ఆ క్లబ్బు మీద అంత నొప్పి ఉండాది ఆయనకు. కొందరు ఆయన్ను కోపిష్టి ముసలాయన అని రాసినారు. నాకు అట్ల అనిపించలేదు. దారి ఖర్చుకు దుడ్లు లేనప్పుడు నోరు తెరిచి చెప్పినోడు, మర్యాద దొరకనప్పుడు కూడా నోరు తెరిచి చెప్పినాడు. రెండూ ఒకే మనిషి మాటలే. ‘మైదాన్’ విడుదల ఆయన చనిపోయిన ఏడాదికి.

ఇప్పుడు మన వాళ్ల దగ్గరకు వస్తా. ఆ ఈస్ట్ బెంగాల్ జెర్సీనే, బలరాం వేసుకున్న 67 ఏళ్లకు, ఇంకొక తెలుగు బిడ్డ వేసుకుంది. పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా. ఇంటిపేరు వింటేనే మనోళ్లకు తెలిసిపోతుంది, లంబాడీ బిడ్డ, మన పక్క సుగాలీలు అంటాం కదా. ఆమె ఆడేది కూడా అంచునే, వింగర్‌గా. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. ఆ సీజన్‌కు ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ మహిళల్లో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చింది. ఈమె కాలంలో కాంట్రాక్టు ఉంది, లీగ్ ఉంది, జీతం ఉంది. బలరాం కాలంలో ఇవేవీ లేవు. కానీ ఆమెను కూడా మొదటిరోజు గ్రౌండుకు ఎవరో ఒకరు తోలకపోయింటారు. ఆ దారి ఖర్చు సంగతి ఏ అవార్డు కాగితం మీదా ఉండదు. అందుకే అట్లాంటి సంగతులు మనమే రాసి పెట్టుకోవాలని నాకు ఆశ. మీ తండాలో, మీ కాలనీలో, మీ హాస్టల్లో ఎవరన్నా ఎట్ల ఆడేదానికి పోయినారో, ఎట్ల పోలేకపోయినారో కింద రాయండి. యానాది, ఎరుకల తమ్ముళ్లు కూడా రాయండి.

ఇంకొక్క మాట రాసి పడుకుంటా. ఈ శనివారం కుప్పంలో సెలెక్షన్ ఉంది. మా రూములో చిన్నోడు, బలరాం తర్వాత ఏమైనాడని అడిగినోడే, వాని పేరు కూడా లిస్టులో ఉంది. నిన్న రాత్రి దుప్పటి కప్పుకొని, “నేను పోవడం లేదన్నా, జ్వరంగా ఉంది” అన్నాడు.

నుదురు మీద చెయ్యి పెట్టి చూసినా. చల్లగా ఉంది.

“బస్సుకు ఎంత తక్కువ పడిందిరా?” అని అడిగినా.