అదిరింది గురూ... ఇంతకీ ఏం అదిరింది?

2007 నాటి సంగతి. మా ఆఫీసులో టెస్టింగ్ టీములో ఒక తెలుగాయన ఉండేవాడు. బొత్తిగా మితభాషి. ఒక సోమవారం పొద్దున్నే వచ్చి నా బల్ల మీద ఓ సీడీ పెట్టాడు. ఎనిమిది పాటలు. రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ, గరాజ్‌లో కూర్చుని రికార్డు చేసిందీ అన్నీ తనే. "తీరిగ్గా విని చెప్పండి" అన్నాడు.

నేను కార్లో రెండు పాటలు విన్నాను. రెండోది సగమే. మర్నాడు కాఫీ మెషీను దగ్గర కనపడితే "అదిరింది గురూ!" అన్నాను. "ఏ పాట?" అన్నాడు. "అన్నీ!" అన్నాను, ఏమాత్రం తడుముకోకుండా. అతను చిన్నగా నవ్వి కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మరో రెండేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. రెండో సీడీ మాత్రం నా బల్ల మీదకి రాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య ఓ కాంట్రాక్టు పని మీద కొన్నాళ్ళు ఒలింపియాలో ఉండాల్సొచ్చింది. సియాటిల్‌కి దక్షిణంగా అరవై మైళ్ళు. వాషింగ్టన్ రాష్ట్రానికి రాజధానన్న మాటే గానీ చిన్న ఊరు. సాయంత్రాలు హోటల్లో తోచక ఆ ఊరి సంగతులు తిరగేస్తుంటే ఓ పాత పత్రిక కథ దొరికింది.

1979లో టియాక్ కంపెనీ పోర్టాస్టూడియో అని ఓ పెట్టె తయారుచేసింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు. అంటే గిటారూ, డ్రమ్సూ, గొంతూ అన్నీ ఒకడే ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకుని, స్టూడియోకి గంటల లెక్కన డబ్బు కట్టకుండా ఇంట్లోనే పాట తయారుచేసుకోవచ్చన్నమాట. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన 'నెబ్రాస్కా' న్యూజెర్సీలో ఓ ఇంట్లో ఈ పెట్టె మీద పాడుకున్నదే. సరే, ఆయనకి పెద్ద కంపెనీ ఉంది, వినేవాళ్ళున్నారు. ఏ పడగ్గదిలోనో పాడుకున్న అనామకుడి క్యాసెట్ ఎవరు వింటారు?

సరిగ్గా అదే 1979లో, ఒలింపియాలో జాన్ ఫాస్టర్ అనే ఆయన స్నేహితులతో కలిసి ఒక పత్రిక మొదలెట్టాడు. వాళ్ళ సంస్థ పేరు లాస్ట్ మ్యూజిక్ నెట్‌వర్క్. పొడి అక్షరాల్లో ఎల్, ఎమ్, ఎన్. ఆ వరసలో తర్వాత వచ్చేవి ఓ, పీ కదా, అందుకని పత్రిక పేరు 'ఓపీ'! (మనకి ఓపీ అంటే ఆస్పత్రి చీటీ గుర్తొస్తుంది, అది వేరే విషయం.) మొదటి సంచిక 'ఏ', తర్వాతది 'బీ'... ఆ అక్షరంతో పేరు మొదలయ్యే సంగీతకారుల మీద వ్యాసాలు. 1984లో 'జెడ్' రాగానే 26 సంచికలతో మంగళం పాడేశారు.

అసలు విశేషం సమీక్షల్లో ఉంది. పెద్ద కంపెనీల దన్ను లేకుండా వచ్చినది ఏదైనా సరే పట్టించుకోవాలని వాళ్ళ పట్టుదల. క్యాసెట్లకైతే 'క్యాస్టనెట్స్' అని ఓ శీర్షికే ఉండేది. నాలుగు ముక్కల్లో అది ఎలా వినిపిస్తోందో చెప్పి, కింద చిరునామా వేసేవారు. కావలసినవాళ్ళు డబ్బు పంపి తెప్పించుకోవచ్చు.

ఈ ఫాస్టర్ అక్కడి ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ రేడియో కేయోస్‌లో సంగీత విభాగం చూసేవాడు. వేసే పాటల్లో 80 శాతం స్వతంత్ర సంస్థలవే ఉండాలని ఆ స్టేషన్ నియమం. ఇక ఆ కాలేజీ ఉంది చూశారూ, 1971లో తెరిచింది లగాయతు మార్కులూ గ్రేడ్లూ ఇవ్వదు. ప్రతి విద్యార్థి గురించీ మాస్టార్లు పేరాలు పేరాలు రాసిస్తారు. ఆ పిల్లవాడు కూడా తన చదువు ఎలా సాగిందో తనే రాసుకోవాలి. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన నాకు ఇది చదివితే నోట మాట రాలేదు. ఈ పద్ధతికీ ఆ సమీక్షలకీ ఏదో చుట్టరికం ఉందని నా అనుమానం. రుజువు మాత్రం అడక్కండి.

మన దగ్గర 1950లలో, కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉండగా, ఆకాశవాణి విద్వాంసులకి ఆడిషన్లు పెట్టింది. పాడేవారొక గదిలో, వినేవారు మరో గదిలో. పేరు చూసి మొగ్గకూడదన్న ఉద్దేశం మంచిదే. పేరున్నవాళ్ళు మాత్రం భగ్గుమన్నారు, మమ్మల్ని పరీక్షించేదేమిటని. చివరికి చేతికొచ్చేది ఓ శ్రేణి, ఏ అనో బీ అనో. ఓపీలో అక్షరాలు వరస కోసం, ఇక్కడ అంతస్తు కోసం. బీ వచ్చినాయన ఏ చరణం దగ్గర తేలిపోయాడో ఆ అక్షరం చెప్పదు కదా! నా "అదిరింది" కూడా ఆ జాతిదే. కాకపోతే నాది వినకుండా ఇచ్చిన గ్రేడు.

అన్నట్టు, అదే కాలేజీలో చదివిన బ్రూస్ పావిట్ 1980లో పెట్టిన ఓ చిన్న పత్రికే ముదిరి సబ్ పాప్ కంపెనీ అయింది. నిర్వాణ మొదటి సింగిల్ 1988లో వేసింది వాళ్ళే.

ఒలింపియా నుంచి తిరిగొచ్చాక గరాజ్‌లో అట్టపెట్టెలన్నీ దింపి ఆ సీడీ వెతికాను. అది పెట్టడానికి ఇంట్లో యంత్రమే లేదు, పాత ల్యాప్‌టాప్ బయటికి తీయాల్సొచ్చింది. ఎనిమిది పాటలూ రెండేసి సార్లు విని మెయిల్ రాశాను. నాలుగో పాట రెండో చరణంలో బాణీకి సరిపోవడానికి 'కల'ని 'కాల' అని సాగదీశారు, అర్థమే మారిపోయింది అన్నాను. మూడోదాంట్లో కీబోర్డు గొంతుని మింగేస్తోందన్నాను. ఆరో పాట మొదట్లో ఏ వాద్యమూ లేకుండా పాడిన నాలుగు వరసలూ వెనక్కి తిప్పి తిప్పి విన్నానని, వాద్యాలు అసలు రాకపోతే బావుండుననిపించిందని రాశాను. అప్పట్లో వినకుండానే అదిరిందన్నానని కూడా ఒప్పేసుకున్నాను. ఈ వాక్యం రాయడానికే ఎక్కువ సేపు పట్టింది.

నాలుగు రోజులకి జవాబొచ్చింది. "కల సంగతి మా ఆవిడ అప్పుడే చెప్పింది, నేనే వినలేదు. తబలా కూడా నేనే వాయించానండీ, దాని గురించి ఏమీ రాయలేదేం?"

నిజమే, రాయలేదు. శనివారం మళ్ళీ వింటాను.