దిగుడు మెట్ల నొప్పి: శ్రీశైలం నడకదారిలో కండరాల చరిత్ర

ఉగాదికి పది పదిహేను రోజుల ముందునుంచే కర్నూలు, ఆత్మకూరు రోడ్ల మీద కన్నడ భక్తుల గుంపులు కానవస్తాయి. కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల నుండి మల్లన్న దర్శనానికి కాలినడకన బయలుదేరినవారు వారు. ఆత్మకూరు దాటి వెంకటాపురం వద్ద నల్లమలలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరుకొంటారు. వీరిలో ఒక విచిత్రం ఉన్నది. చదునైన నేల మీద వారం రోజులు నడిచినా పాదాల బొబ్బలు తప్ప మరేమీ ఎరుగని మనిషి, అడవి దాటిన మరునాడు సత్రం మెట్లు దిగడానికి గోడ పట్టుకొంటాడు. తొడలు తాకితే చాలు, అమ్మో అంటాడు. ఎక్కిన శ్రమ వల్ల వచ్చిన నొప్పి అని అతని నమ్మకం. నిజానికి అది దిగినందువల్ల వచ్చినది. ఈ చిన్న సంగతి వైద్యశాస్త్రానికి తెలియడానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది.

దారి మాత్రం చాలా పాతది. కొండవీటి రెడ్డిరాజ్య స్థాపకుడైన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దిలో శ్రీశైలానికీ, అహోబిలానికీ మెట్లు కట్టించాడు. 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగా వచ్చి ఈ శ్రీశైలాన్నీ దర్శించుకొన్నాడు. ఆయన వ్రాసుకొన్న కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆయన ప్రయాణం పల్లకీలో, మోసినది బోయీలు. మోసినవారి పిక్కల సంగతి చరిత్ర గ్రంథాలలో వెదకడం దండుగ. కాని ఏటా అదే బరువుతో గుట్టలెక్కి దిగేవారి కండరాలు, ఏడాదికొకసారి కొండనెక్కే వ్యాపారి కండరాలు ఒకటి కావు. ఆ తేడాయే ఈ వ్యాసానికి ప్రాణం.

నొప్పికి కారణమేమిటి? మన ఊళ్లలో ఎవరినడిగినా ‘కండరాల్లో యాసిడ్ చేరింది’ అంటారు. వ్యాయామశాలల్లో కుర్రవాళ్లకు చెప్పేదీ ఇదే. ఈ మాటకు మూలం స్వీడన్‌లో ఉన్నది. 1780లో కార్ల్ షీలే అనే రసాయనవేత్త పులిసిన పాల నుండి ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. మన పెరుగుకు పులుపునిచ్చేది అదే, లాక్టిక్ ఆమ్లం. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో బెర్జీలియస్ అదే ఆమ్లాన్ని జంతువుల కండరాలలో చూశాడు. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాలను అలసిపోయేవరకు పనిచేయించి, అలసటతోపాటు ఈ ఆమ్లం పెరుగుతుందని కొలిచి చూపారు. కండరాల రసాయన చర్యలపై పనిచేసిన ఎ.వి. హిల్, ఆటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. ఇంతటి పెద్దల పేర్లు వెనుక ఉండగా, మరునాటి నొప్పిని కూడా జనం ఆ ఆమ్లం ఖాతాలోనే వేశారు. అయితే వ్యాయామం ఆపిన గంట రెండు గంటలలో రక్తంలోని లాక్టిక్ ఆమ్లం మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి మొదలయ్యేది మరునాడు, ముదిరేది రెండవ మూడవ రోజున. వెళ్లిపోయిన అతిథి మీద దొంగతనం మోపినట్లున్నది ఈ లెక్క.

ఇది సరికాదని మొదట గట్టిగా అన్నవాడు అమెరికాలోని థియోడర్ హఫ్. 1902లో ఆయన ఒకే వేలితో మళ్లీ మళ్లీ బరువు లాగించి చూశాడు. అప్పటికప్పుడు వచ్చే అలసట వేరు, గంటల తరువాత తలెత్తే నొప్పి వేరు అనీ, రెండవదానికి కండరం లోపలి చిరుగులే కారణం కావచ్చుననీ వ్రాశాడు. ఆ మాటను లోకం చాలాకాలం పట్టించుకోలేదు.

తరువాతి మలుపు ఒక సైకిల్ ప్రయోగం. 1952లో ఇంగ్లండులో అబ్బాట్, బ్రెండా బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు రెండు వ్యాయామ సైకిళ్లను ఒకదానికొకటి గొలుసుతో బిగించారు. ఒకరు పెడల్‌ను ముందుకు తొక్కాలి, రెండవవారు వెనక్కు తిరుగుతున్న పెడల్‌ను కాళ్లతో అడ్డుకోవాలి. ఇద్దరి కాళ్ల మీద పడే బలం ఒక్కటే. కాని అడ్డుకొనేవారికి పట్టిన ప్రాణవాయువు తొక్కేవారికంటే ఎన్నోరెట్లు తక్కువ. అందుకే దిగేటప్పుడు మనకు ఆయాసం రాదు. ఆయాసం లేదు కనుక శ్రమ లేదనుకొంటాము. అక్కడే మోసపోతాము. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది. తక్కువ కండర తంతువులు ఎక్కువ బరువును పట్టుకొంటాయి, అవి లోలోపల దెబ్బతింటాయి.

ఒంటిచక్రం సైకిల్ దీనికి చక్కని ఉదాహరణ. సర్కస్‌లో చూసే ఉంటారు. నేడు దాని మీద దూరప్రయాణాలు చేసేవారూ ఉన్నారు. దాని పెడళ్లు నేరుగా చక్రపు ఇరుసుకే బిగించి ఉంటాయి. చక్రం తిరిగినంతసేపు కాళ్లు తిరగవలసిందే, మామూలు సైకిల్‌లాగా తొక్కడం మాని ఊరక కూర్చుంటే కుదరదు. బ్రేకు లేని బండి అయితే పల్లంలో వేగాన్ని తొడలతోనే అదుపు చేయాలి. 1952 నాటి ప్రయోగంలో అడ్డుకొన్న మనిషి స్థితి అచ్చం ఇదే. భీముని కొలనులోకి మెట్లు దిగే భక్తుని స్థితీ ఇదే. ఒంటిచక్రం వారికి కూర్చునేచోట ఒరిపిడి బాధ అదనం, అది కండరాల నొప్పి కాదు.

1981లో స్వీడన్‌కు చెందిన ఫ్రీడెన్ బృందం కొందరిని పదేపదే మెట్లు దింపి, వారి పిక్కల నుండి చిన్న ముక్క తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించింది. తంతువులలోని అడ్డుగీతలు చెదిరి, పలచబడి కనిపించాయి. హఫ్ ఊహించిన చిరుగులు అవి. 1983లో మరికొందరు శాస్త్రజ్ఞులు ఒకే మనుషులను ఒకసారి చదునుగా, మరొకసారి పల్లానికి పరుగెత్తించారు. చదునులో లాక్టిక్ ఆమ్లం పెరిగింది, నొప్పి రాలేదు. పల్లంలో ఆమ్లం పెరగలేదు, నొప్పి వచ్చింది. ఆమ్లం కథ అక్కడితో ముగియవలసింది. మన వ్యాయామశాలలకు ఇంకా చేరలేదు.

మరి నివారణ? కండరాలను ముందూ వెనుకా సాగదీస్తే నొప్పి రాదని అందరూ చెబుతారు. ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలలో దాని ప్రయోజనం అతిస్వల్పమని తేలింది. నూనె మర్దన కొంత ఉపశమనమిస్తుంది, వేడినీటి కాపడం హాయినిస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగ వడదెబ్బ నుండి కాపాడుతుంది, తొడల నొప్పి నుండి కాదు. రుజువైన నివారణ ఒక్కటే: ముందుగా కొద్దిగా దిగడం. ఒకసారి స్వల్పంగా ఈ పనికి గురైన కండరం కొన్ని వారాలపాటు తనను తాను కాపాడుకొంటుంది. యాత్రకు నెల ముందు కర్నూలు వారు జగన్నాథగట్టు వంటి గుట్టను పది నిమిషాలు దిగండి. గుట్ట లేకపోతే మేడమెట్లు చాలు. నాలుగైదు రోజులు విడిచి మళ్లీ దిగండి, కొంచెం పెంచండి. అన్నమయ్య మార్గంలో తిరుమలకు నడిచే కడప జిల్లా వారికీ ఇదే పద్ధతి. యాత్రలో చేతికర్ర విడువవద్దు, దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి, మోకాళ్లను ఎగరనీయకండి. పల్లం కదా అని పరుగెత్తేవారే మరునాడు కుంటుతారు.

ఇక అసలు భయం. ఎండలో నీళ్లు చాలక నడుస్తూ, నొప్పికి సూది వేయమని శిబిరాలలో పట్టుబట్టేవారు ఎందరో. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు మూత్రపిండాలకు వెళ్లే రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఒళ్లు ఎండిపోయిన మనిషిలో ఇది ప్రమాదకరం. పైగా దెబ్బతిన్న కండరం నుండి మయోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం రక్తంలోకి వస్తుంది. 1941లో లండన్ బాంబుదాడులలో శిథిలాల కింద నలిగినవారిని బైవాటర్స్, బీల్ అనే వైద్యులు పరిశీలించి, కండరాలు నలిగితే మూత్రపిండాలు ఎలా చెడతాయో లోకానికి చూపారు. యాత్రికులలో అంతటి స్థితి అరుదే. కాని చక్కెరవ్యాధి, బి.పి. మాత్రలు ఉన్నవారు, ఉపవాసంతో నడిచేవారు జాగ్రత్తపడాలి. నొప్పి భరించలేకపోతే మోతాదు మించని పారాసిటమాల్, నీడ, నీళ్లు, విశ్రాంతి, అంతే. తొడలు బిగుసుకొని వాచినా, మూత్రం తగ్గినా, డికాషన్ రంగులోకి మారినా సూది కోసం శిబిరం దగ్గర నిలబడవద్దు. ఆ పూటే ఆత్మకూరుకో, కర్నూలు సర్వజన వైద్యశాలకో చేరి సెలైన్ ఎక్కించుకోవాలి, అక్కడి వైద్యునికి ముందుగా మూత్రపు రంగు సంగతి, అప్పటిదాకా వేయించుకొన్న సూదుల సంగతి చెప్పాలి.