అమ్రోలిలో కార్మికుడు చనిపోతే ఆ డబ్బు ఎవరికి? భార్యకా, తల్లికా, నామినీకా?

సూరత్‌లో తాపీ నదికి ఉత్తర ఒడ్డున, కతార్‌గామ్‌కు ఎదురుగా ఉంటుంది అమ్రోలి. మరమగ్గాల కార్ఖానాలు, ఎంబ్రాయిడరీ యూనిట్లు, వాటి మధ్యే కార్మికుల అద్దె గదులు. ఇక్కడ సాంచాలు నడిపేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లా వారు ఎక్కువ. తెలంగాణ నుంచి వెళ్లిన తెలుగు నేత కుటుంబాలు నదికి ఇవతల లింబాయత్, ఉధనా వైపు ఎక్కువగా ఉంటాయి. ఏ ఒడ్డున ఉన్నా పని తీరు ఒకటే. మీటరుకు ఇంత అని కూలీ. చేతిలో అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. చాలామందికి పీఎఫ్ నంబరు ఉందో లేదో కూడా తెలియదు.

ఇలాంటి కార్మికుడు ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ల ముందు మొదట వచ్చే ప్రశ్న శవాన్ని ఊరికి ఎలా తీసుకెళ్లాలనే. రావాల్సిన డబ్బు సంగతి తర్వాత గుర్తొస్తుంది. అప్పటికి సేఠ్ చేతిలో పెట్టిన కొంత నగదు, తెల్ల కాగితం మీద తీసుకున్న వేలిముద్ర మిగులుతాయి.

ఆ వేలిముద్రతో హక్కు పోదు. పనిలో జరిగిన ప్రమాదంలో మరణిస్తే యజమాని పరిహారాన్ని నేరుగా కుటుంబానికి ఇచ్చి చేతులు దులుపుకోవడానికి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఒప్పుకోదు. ఆ మొత్తాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. ఎవరికి ఎంత అనేది ఆ అధికారే తేలుస్తారు. 'ఇక ఏమీ అడగం' అని రాయించుకున్న ఒప్పందం చెల్లదు. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఈ విషయం సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్లింది కానీ సూత్రం మారలేదు.

ఎంత వస్తుంది? నెలకు 15 వేల రూపాయల వేతనం, 40 ఏళ్ల వయసు అనుకుందాం. వేతనంలో సగాన్ని ఆ వయసుకు చట్టం నిర్ణయించిన 184.17తో గుణించాలి. 13,81,275 రూపాయలు అవుతుంది. వేతనం ఇంతకన్నా ఎక్కువున్నా లెక్కకు తీసుకునే గరిష్ఠం, 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం, 15 వేలే. సేఠ్ ఇచ్చే నగదుతో దీన్ని పోల్చుకుంటే ఆ వేలిముద్ర విలువ ఎంతో అర్థమవుతుంది.

కార్ఖానాలో ఎంతమంది పనిచేస్తున్నారన్నది ఈ పరిహారానికి అడ్డు కాదు. కాంట్రాక్టరు ద్వారా పనిలో చేరినా అసలు యజమానిని బాధ్యుణ్ని చేయవచ్చు. కార్మికుడికి ఈఎస్‌ఐ ఉంటే మాత్రం ఈ పరిహారం రాదు. దాని బదులు వేతనంలో 90 శాతం లెక్కన నెలనెలా ఈఎస్‌ఐ చెల్లిస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. ఈ కేసు కోసం సూరత్ చుట్టూ తిరగక్కర్లేదు. ఆధారపడినవారు ఎక్కడ నివసిస్తే అక్కడి కమిషనర్ దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే భార్య సిరిసిల్లలో ఉంటే ఆ ప్రాంత అధికారి దగ్గరే. గడువు రెండేళ్లు. సూరత్ వదిలేముందు మాత్రం ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక నకళ్లు చేతిలోకి తీసుకోవాలి. కూలీ ఫోన్‌పేలో వచ్చి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, తోటి కార్మికుల ఫోన్ నంబర్లు కూడా. పని చేసినట్టు రుజువు చేసేవి ఇవే. ఊరికి వెళ్లాక వీటిని సంపాదించడం చాలా కష్టం.

ఒకే మరణం, మూడు జాబితాలు

తగాదాలు మొదలయ్యేది ఇక్కడే. ఒక్కో డబ్బుకు హక్కుదారులెవరో ఒక్కో చట్టం ఒక్కోలా చెబుతుంది.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయినవారి సొంత ఆస్తి, అంటే ఊర్లో ఇల్లు, బ్యాంకులో పొదుపు వంటివి, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా వెళ్తుంది. పెళ్లయిన కూతురికీ అదే వాటా. వీరిలో ఒక్కరున్నా తండ్రికి రాదు. ఈ మాట విని ఆశ్చర్యపోయే తండ్రులు ఎక్కువే. ముస్లింలకు, క్రైస్తవులకు వేరే నియమాలు ఉన్నాయి.

పరిహారానికి 'వారసులు' కాదు, 'ఆధారపడినవారు' ముఖ్యం. భార్య, మైనర్ కొడుకు, పెళ్లికాని కూతురు, వితంతువైన తల్లి ముందు వస్తారు. సంపాదిస్తున్న 22 ఏళ్ల కొడుకుకు ఇంట్లో వాటా ఉంటుంది, పరిహారంలో ఉండదు.

పీఎఫ్‌ది మూడో దారి. చెల్లుబాటయ్యే నామినేషన్ లేకపోతే కుటుంబ సభ్యులకు సమానంగా పంచుతారు. అందులో మేజర్ కొడుకులు, భర్త బతికున్న పెళ్లయిన కూతుళ్లు రారు.

పెళ్లికి ముందు పనిలో చేరి, నామినీగా తల్లి పేరు రాసి, ఆ తర్వాత మార్చనివాళ్లు లెక్కలేనంతమంది. రక్షణ శాఖ అకౌంట్స్ విభాగంలో పనిచేసి మరణించిన ఒక ఉద్యోగి జీపీఎఫ్ విషయంలో ఇదే వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. పెళ్లితో పాత నామినేషన్ చెల్లకుండా పోతుందని, ఆ మొత్తాన్ని భార్య, తల్లి సమానంగా పంచుకోవాలని 2025 డిసెంబరులో కోర్టు చెప్పింది. అది ప్రభుత్వ ఉద్యోగుల నిబంధనల మీద వచ్చిన తీర్పు. అయినా కార్మికుల పీఎఫ్‌కూ పెళ్లి తర్వాత కొత్త నామినేషన్ వేసుకోవాలి. యూఏఎన్ నంబరు, ఆధార్ ఉంటే ఫోన్‌లోనే పని అయిపోతుంది.

పీఎఫ్ ఉన్న కార్మికుడు సర్వీసులో ఉండగా మరణిస్తే అతను దాచిన డబ్బుతో వ్యవహారం ముగియదు. ఈడీఎల్ఐ బీమా కింద గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పెన్షన్ వస్తుంది. పదేళ్ల సర్వీసు ఉండాలనే షరతు దీనికి వర్తించదు. గ్రాట్యుటీకీ మరణం విషయంలో ఐదేళ్ల నిబంధన లేదు. పది మంది, అంతకు మించి పనిచేసే చోట ఏడాదికి 15 రోజుల వేతనం లెక్కన ఇవ్వాలి. నెలకు 15 వేల వేతనంతో 8 ఏళ్లు చేసినవారికి సుమారు 69 వేలు. మీటరు కూలీ అయితే చివరి మూడు నెలల సగటు చూస్తారు.

కాగితాల పని

మరణ ధ్రువపత్రం మరణం జరిగిన చోటే వస్తుంది. అమ్రోలి అయితే సూరత్ నగరపాలిక ఇస్తుంది. 21 రోజుల్లో నమోదు చేయిస్తే ఇబ్బంది ఉండదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెలుగు రాష్ట్రాల్లో మీసేవ ద్వారా తహసీల్దార్ ఇస్తారు. గుజరాత్‌లో దాదాపు ఇలాంటి కాగితాన్నే పెఢీనామా అంటారు. పేర్లలో ఒక్క అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు వెనక్కి వస్తుంది కాబట్టి ఆధార్‌తో సరిచూసుకోవాలి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సంతకం, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మేలు. లాయరు ఖర్చు భరించలేని మహిళలు, కార్మికులు 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు.

పాస్‌బుక్ కూడా ఒకసారి తిరగేయాలి. ఏటా 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 అయితే జీవన జ్యోతి బీమా. మొదటిది ప్రమాద మరణానికి, రెండోది ఏ కారణంతో మరణించినా 2 లక్షలు చెల్లిస్తుంది. ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో వీలైనంత త్వరగా క్లెయిమ్ పెట్టుకోవాలి.