కొరియా దేశపు మిన్ రాణి



కొరియా దేశపు సంఘమును గూర్చి మీరు వినియుందురు. తెల్లవారుజామున లేచి ప్రార్థించు సంఘమని మన కూడికలలో బోధకులు దానిని పలుమారు మాదిరిగా చూపుదురు. నేను సెమినరీలో మిషను చరిత్ర చదివిన దినములలో ఆ సంఘము పెరిగిన లెక్కలను కంఠస్థము చేసితిని. కాని సువార్తికులు ఆ నేలమీద కాలు మోపిన కాలమున సింహాసనము ప్రక్కను కూర్చున్న స్త్రీ యెవరో, ఆమె యేమాయెనో, నాకు ఒక్క వాక్యముకంటె ఎక్కువ ఎవరును చెప్పలేదు. ఈ నెల ఆమె కథ మీ ముందుంచుచున్నాను. ఇది భక్తురాలి జీవితము కాదు. ఆమె బాప్తిస్మము పొందలేదు. ఆమెను మనదానిగా లెక్కించుకొనుటకు మనకు అధికారము లేదు. అయినను ఆమె కథ మనకు దూరమైనది కాదు.

ఆమె 1851వ సంవత్సరమున సియోలు నగరమునకు ఆగ్నేయముగా, హాన్ నది యొడ్డున నున్న యోజు అను ఊర జన్మించెను. ఆ దేశపు వంశావళులలో ఆడుబిడ్డల పేర్లు వ్రాయు వాడుక లేదు. కనుక మనకు దక్కినది ఇంటిపేరు మాత్రమే. మిన్ అనునది ఆమె పుట్టింటి పేరు. మన స్త్రీలవలె వివాహముతో ఇంటిపేరు మారుట కొరియాలో లేదు. ఎనిమిదేండ్లు నిండకమునుపే తండ్రి పోయెను. తోడబుట్టినవారెవ్వరును బ్రదుకలేదు. తల్లియు తానును మిగిలిరి.

తండ్రిలేని పిల్ల రాణి యెట్లాయెనని మీరడుగవచ్చును. తండ్రి లేనందుననే ఆయెను! అప్పటి రాజు గోజోంగ్ బాలుడు. అతని తండ్రి దేవొన్‌గున్ అను బిరుదుతో రాజ్యమంతయు తానే యేలుచుండెను. అంతకు ముందు 60 ఏండ్లపాటు రాజులకు పిల్లనిచ్చిన కిమ్ వంశమువారు, రాజు మామలమనియు బావమరదులమనియు దేశమును దోచుకొని తినిరి. మరల అట్టి వియ్యపువారు నగరులో జొరబడకుండవలెనని దేవొన్‌గున్ వెదకి వెదకి, అండలేని పిల్లను తెచ్చెను. ఆమె అతని భార్య వంశపుదే. దిక్కులేని పిల్ల, చెప్పినట్లు వినునని తలంచెను. ఎస్తేరు గ్రంథమును ఎరిగిన మీకు ఇట్టి లెక్కలు ఎట్లు తప్పిపోవునో తెలియును.

వివాహము 1866 మార్చిలో జరిగెను. ఆమెకు 15వ యేడు, రాజునకు 14వ యేడు. ఆ పెండ్లి పందిరికి ప్రక్కనే జరిగిన మరియొక సంగతి చెప్పకుండ పోజాలను. పెండ్లికి సుమారు రెండు వారములకు ముందు, హాన్ నది యిసుకలో బెర్నో అను ఫ్రెంచి బిషపు తల నరికించబడెను. దేవొన్‌గున్ ఆజ్ఞచేత ఆ యేడు 9 మంది ఫ్రెంచి గురువులును, ఆ తరువాతి సంవత్సరములలో వేలకొలది కొరియా కథోలిక విశ్వాసులును చంపబడిరి. అయితే ఆ దేవొన్‌గున్ భార్యయే, అనగా మన రాణికి అత్తగారే, ముప్పది యేండ్ల తరువాత, 1896లో, మరియ అను పేరుతో బాప్తిస్మము పొందెను. మనుష్యుల ఇండ్లలో దేవుడు ఏ మూలనుండి ప్రవేశించునో!

రాణి నగరులో మొదటి సంవత్సరములు పుస్తకములతో గడపెను. చీనా చరిత్రలను, రాజనీతి గ్రంథములను చదివెను. 1871లో కుమారుడు పుట్టి కొద్ది దినములకే చనిపోయెను. మలద్వారము మూసికొని పుట్టిన శిశువతడు. మామగారు పంపిన జిన్‌సెంగ్ వేరు మందు ఇచ్చినందుననే బిడ్డ పోయెనని ఆమె మనస్సులో నాటుకొనెను. అది నిజమైనను కాకున్నను, మామకును కోడలికిని మధ్య చల్లారని అగ్ని అప్పుడే రగిలెను. మన గ్రామములలో ఇట్టి మాట ఒకటి రెండిండ్లను రెండు తరములు విడదీయుట నేనెరుగుదును. ఇచ్చట అది ఒక రాజ్యమును విడదీసెను. 1873లో రాజు తానే యేలుదునని ప్రకటించెను. దేవొన్‌గున్ పదవి పోయెను. మరుసటి యేడు రాణికి రెండవ కుమారుడు పుట్టి బ్రదికెను. ఆ తరువాత కొంతకాలమునకు ఆమె దత్తసోదరుని యింటికి ఎవరో ఒక పెట్టె కానుకగా పంపిరి. తెరచినంతనే అది ప్రేలెను. అతడును, రాణి తల్లియు అందులో మరణించిరి.

అప్పటినుండి ఆమె భయముతో జీవించెను. భయమున్న చోట మంచి తీర్పు నిలువదు. తన మిన్ వంశమువారిని పెద్ద యుద్యోగములలో నింపెను. ఉద్యోగములు అమ్ముడుపోయెను. కొన్నవారు పెట్టిన సొమ్మును రైతులయొద్ద రాబట్టిరి. కుమారుడు రోగిష్టి గనుక అతని ఆయుష్షు కొరకు మంత్రగత్తెలను పిలిపించి, కొండలపై పూజలకు బొక్కసపు ధనమును వెచ్చించెను. ఒక మంత్రగత్తెకైతే బిరుదు కూడ ఇచ్చిరి. కిమ్ వంశపు పీడ పోవలెనని తెచ్చిన పిల్ల, మిన్ వంశపు పీడకు తలుపు తీసెను. నేను ఆమెను ప్రేమించి వ్రాయుచున్నను దీనిని దాచలేను.

1882లో ఫలితము కనబడెను. సియోలు సైనికులకు 13 నెలలుగా జీతపు బియ్యము ముట్టలేదు. తుదకు ఒక నెల బియ్యము కొలిచినప్పుడు అందులో ఇసుకయు ఊకయు కలిసియుండెను. కొలిపించిన అధికారి మిన్ వంశమువాడు. సైనికులు నగరులో దూరి, వానిని చంపి, రాణిని చంపుటకు వెదకిరి. హోంగ్ గే-హున్ అను కాపలావాడు, సామాన్యపు దాసి వేషముననున్న ఆమెను వీపుమీద ఎత్తుకొని, ఈమె నా చెల్లెలని చెప్పుచు గుంపు నడుమనుండి బయటికి మోసికొనిపోయెను. ఈ హోంగ్ పేరు జ్ఞాపకముంచుకొనుడి.

ఆమె పల్లెటూర దాగియుండగా, మరల అధికారము పట్టిన మామ, కోడలు మరణించెనని ప్రకటించి, శవము దొరకనందున ఆమె బట్టలతోనే అంత్యక్రియలకు ఏర్పాట్లు చేసెను. బ్రదికియుండి తన మరణవార్త తానే వినుట ఎట్లుండునో! సుమారు 50 దినములకు, చీనా సైన్యము దేవొన్‌గున్‌ను పట్టి తమ దేశమునకు కొనిపోయిన పిమ్మట, ఆమె మరల నగరు చేరెను.

ఇక మన మిషనులకు సంబంధించిన సంగతి. 1884 డిశంబరులో ఒక రాత్రి, తపాలా కార్యాలయపు విందులో తిరుగుబాటుదారులు రాణి మేనల్లుని కత్తులతో నరికిరి. అతని పేరు మిన్ యోంగ్-ఇక్. ఆ పట్టణములో అప్పుడు హొరేసు అల్లెన్ అను అమెరికా వైద్యుడుండెను. మత ప్రచారము నిషిద్ధమైనందున ఆయన దొరతనపు కచేరీ వైద్యుడను పేరుతో ఉండెను గాని నిజమునకు మిషనరీయే. ఆయన గాయములు కుట్టి, మూడు నెలలు కాచి, రోగిని బ్రదికించెను. రాజదంపతులు ఆ మేలు మరువలేదు. 1885లో ఒక ఆసుపత్రి పెట్టుటకు సెలవిచ్చిరి. దానికిచ్చిన యిల్లు, ఆ తిరుగుబాటులో చంపబడిన నాయకునిదే. గాయము చేసినవాని యిల్లు గాయములు కట్టు ఇల్లాయెను. ఆ యేడే ఈస్టరు దినమున అండర్‌వుడ్, అప్పెన్‌జెల్లర్ అను ఇరువురు బోధకులు రేవులో దిగిరి.

రాణి రోగియైనప్పుడు పురుష వైద్యుడు ఆమెను చూడరాదు. ఆస్థాన వైద్యులు ఆమె మణికట్టుకు దారము కట్టి, దాని రెండవ కొనను ప్రక్క గదిలో పట్టుకొని నాడి చూచెడివారట! తెర సందునుండి నాలుక చూపవలెను. ఈ సంగతి వ్రాసి పెట్టినది లిలియాసు హోర్టన్ అను వైద్యురాలు. ఆమెకు ముందు 1886లో అన్నీ ఎల్లర్సు అను పరిచారిక వచ్చి రాణికి చికిత్స చేసెను. 1888లో హోర్టన్ వచ్చెను. మన గుంటూరులో 1883లో దిగిన కుగ్లరమ్మగారు ఘోషా స్త్రీల తెర లోపలికి ఎట్లు వెళ్లగలిగెనో, అట్లే వీరును వెళ్లిరి. మరుసటి యేడు హోర్టన్ అండర్‌వుడ్‌గారిని వివాహమాడినప్పుడు, రాణి పది లక్షల రాగి కాసులను గుఱ్ఱములమీద ఎక్కించి బహుమానముగా పంపెను. నడుమ చిల్లుండి దారమున గ్రుచ్చు కాసులవి. మన పెద్దలెరిగిన చిల్లుకానులవంటివి. లెక్కకు లక్షలైనను విలువకు అంత గొప్ప కాదు గాని, బరువు మాత్రము గుఱ్ఱములకు తెలిసెను.

బాలికల బడి కథయు చిత్రమైనదే. 1886లో స్క్రాంటన్ అను మెథడిస్టు విధవరాలు దానిని ఒక్క విద్యార్థినితో ప్రారంభించెను. ఆ విద్యార్థిని ఒక ఉద్యోగి ఉపపత్ని. ఇంగ్లీషు నేర్చి రాణికి దుబాసీ కావలెనని వచ్చినది. మరుసటి యేడు నగరునుండి ఆ బడికి ఇహ్వా అను పేరు వచ్చెను. బేరిపండు చెట్టు పువ్వు అని అర్థము. నేడు అది వేలమంది స్త్రీలు చదువు విశ్వవిద్యాలయము.

వైద్యురాలైన అండర్‌వుడ్ అమ్మగారు రాణితో క్రిస్మసును గూర్చి, పరలోకమును గూర్చి మాటలాడిన సంగతి తన పుస్తకములో వ్రాసెను. మరణమును, పాపమును లేని ఆ స్థలమును గూర్చి విన్నప్పుడు, రాజును తన కుమారుడును తానును ముగ్గురమును అక్కడికి పోగలిగిన ఎంత బాగుండునని రాణి నిట్టూర్చెనట. అంతకంటె ముందుకు పోయినట్లు సాక్ష్యము లేదు. తలుపుల చప్పుడుకు రాత్రులు మేలుకొను స్త్రీ నోట వచ్చిన ఆ మాట యెంత బరువైనదో మీరే తలంచుడి. 1895 ఆరంభమున ఇసబెల్లా బిషపు అను ఇంగ్లీషు యాత్రికురాలు ఆమెను చూచినప్పుడు, సన్నని దేహము, మిక్కిలి పాలిపోయిన ముఖము, చురుకైన కన్నులు గల స్త్రీయని వర్ణించెను.

ఈలోగా దేశము చేజారుచుండెను. 1894లో దక్షిణపు రైతులు తిరుగబడిరి. ఒక అధికారి, రైతులచేతనే చెరువు కట్టించి, ఆ నీటికే వారియొద్ద పన్ను వసూలు చేసెను. నీటి తీరువ ఎరిగిన మీకు దీనిని వివరింపనక్కరలేదు. వారిని అణచుటకు కొరియా చీనాను పిలిచెను; పిలువకయే జపాను వచ్చెను. జపాను సేనలు రాజనగరును పట్టుకొని, చీనాతో యుద్ధము చేసి గెలిచెను. అప్పుడు రాణి రష్యావైపు చూచెను. చుట్టును ముగ్గురు బలవంతులుండగా ఒకరిని మరియొకరితో అడ్డగించుట ఆమె నేర్చిన విద్య. అది చిన్న రాజ్యములు పట్టుకొను తుది ఆధారము.

జపాను రాయబారి మియురా ఆమెను తొలగింప నిశ్చయించెను. 1895 అక్టోబరు 8, తెల్లవారుజాము. జపాను సైనికులును, కత్తులు ధరించిన గుంపును, ముసలి దేవొన్‌గున్‌ను పల్లకిలో ముందుంచుకొని నగరు ద్వారమునకు వచ్చిరి. అచ్చట అడ్డు నిలిచినవాడు, 13 ఏండ్లకు ముందు ఆమెను వీపున మోసిన హోంగ్ గే-హున్. ఇప్పుడతడు దళాధిపతి. అతడు ద్వారమునొద్దనే చంపబడెను. రాజగృహ వ్యవహారముల మంత్రి యీ గ్యోంగ్-జిక్ లోపల అడ్డుపడి పడిపోయెను. హంతకులు రాణి ముఖమెరుగరు. నేటికిని ఇది ఆమెదేయని నిశ్చయముగా చెప్పదగిన ఛాయాచిత్రము ఒక్కటియు లేదు. కనుక వారు దాసీలను జుట్టుపట్టి ఈడ్చి, ఆమె ఎక్కడని అడిగి, కొందరిని నరికిరి. తుదకు ఆమెను చంపి, దేహమును పైన్ చెట్ల తోపులో నూనె పోసి కాల్చిరి. ఆమెకు 43 ఏండ్లు.

అమెరికా సేనాని డై, రష్యా వాస్తుశిల్పి సబాటిన్ ఆ వేళ నగరులోనే యుండిరి గనుక ఈ పని దాగలేదు. రెండు దినములలో భర్త పేరనే ఆజ్ఞ వెలువడెను: ఆమె ఇక రాణి కాదు, సామాన్యురాలు. రాజు విషమునకు భయపడి, కన్నులయెదుట తెరచిన డబ్బాపాలు, పెంకుతోనున్న గ్రుడ్లు తప్ప ముట్టకుండెను. అప్పుడు అండర్‌వుడ్ అమ్మగారు తన యింట వండిన భోజనమును తాళము వేసిన పెట్టెలో పంపగా, భర్త తాళపుచెవి చేతబట్టుకొని పోయి రాజునకు అందించెను. మిషనరీలు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని రాత్రులు రాజు గదియొద్ద మేలుకొనిరి. బోధకులకు రాజకీయములెందుకని అడుగువారుందురు. ఆకలిగొనియు భయపడియు నున్న మనుష్యునికి అన్నము మోయుట ఏ శాఖ క్రిందికి వచ్చునో నాకు తెలియదు.

1896 ఫిబ్రవరిలో రాజు స్త్రీల పల్లకిలో దాగి రష్యా రాయబారి యింట తలదాచుకొనెను. అంతకు ముందు నెలలో హిరోషిమా న్యాయస్థానము మియురాను, అతని సహచరులను, వారు కుట్రపన్ని నగరునకు బయలుదేరిరని తీర్పులోనే వ్రాసియు, సాక్ష్యము చాలదని విడిచిపెట్టెను. 1897లో గోజోంగ్ చక్రవర్తి బిరుదు ధరించి, మృతురాలిని మ్యోంగ్‌సోంగ్ చక్రవర్తినిగా ప్రకటించి, ఆ నవంబరులో ఆమెకు అంత్యక్రియలు జరిపించెను. ఆమె మరణించి అప్పటికి రెండేండ్లు దాటెను. 1910లో జపాను ఆ దేశమును కలుపుకొనెను. 1919లో అతడు మరణించినప్పుడు ఆమె అవశేషములను సియోలుకు తూర్పున నున్న గుంగోక్‌నకు తెచ్చి, ఇద్దరిని ఒక్క మట్టిదిబ్బ క్రింద ఉంచిరి.

2005 మే నెలలో ఆ హంతకుల వంశమువారు కొందరు, ముసలివారు, జపానునుండి వచ్చి ఆ దిబ్బయెదుట సాగిలపడి క్షమాపణ వేడుకొనిరి.