భవన నిర్మాణ బీమా: కూలీకి వర్తించేది ఏది?

2014 జూన్ 28వ తేదీ సాయంత్రం చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది మరణించారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచీ ఒడిశా నుంచీ పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన కూలీలు మృతులలో అనేకులు. భవన రూపకల్పనలోనే లోపాలున్నాయని విచారణ సంఘం తేల్చింది.

ఇటువంటి ప్రమాదం జరిగినప్పుడు “భవనానికి బీమా ఉంది” అన్న మాట వినిపిస్తుంది. అది సాధారణంగా ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్’ పాలసీ. పేరు ఘనమైనదే గాని, అది ప్రధానంగా కట్టడానికీ సామగ్రికీ రక్షణ. దానిలోని మూడవ పక్ష విభాగం దారిన పోయేవారికి, ఇరుగుపొరుగు ఆస్తులకు వర్తిస్తుందే తప్ప కాంట్రాక్టరు సొంత పనివారికి వర్తించదు. లోపభూయిష్టమైన రూపకల్పన వలన కలిగే నష్టాన్ని కూడా ప్రామాణిక పాలసీ సాధారణంగా మినహాయిస్తుంది.

కూలీకి ఆధారం వేరొక చట్టం. 1923 నాటి నష్టపరిహార చట్టంలోని ఈ హక్కు 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతిలో భాగమైంది. యజమాని బీమా చేయించినా, చేయించకపోయినా పరిహారం చెల్లించే బాధ్యత అతనిదే (ఈఎస్ఐ పరిధిలోని వారికి ఆ సంస్థ ద్వారా ప్రయోజనాలు లభిస్తాయి). మరణించినవారి నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి పరిహారం కడతారు. ఈ లెక్కకు తీసుకునే గరిష్ఠ వేతనాన్ని కేంద్రం 2020 జనవరిలో 8 వేల నుంచి 15 వేల రూపాయలకు పెంచింది. 30 ఏళ్ళ వయసుకు గుణకం 207.98. ఆ ప్రకారం మొత్తం 15,59,850 రూపాయలు.

నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి సహాయం దీనికి అదనం. నిర్మాణ వ్యయంపై వసూలు చేసే సెస్సు దానికి మూలధనం. గడచిన 12 నెలలలో 90 రోజులు పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ళ లోపు వారు నమోదుకు అర్హులు. ఊరు మారిన కూలీకి, అతడు ప్రస్తుతం పనిచేస్తున్న రాష్ట్రపు మండలే సాయమందించాలని కొత్త స్మృతి చెబుతున్నది.

భద్రతాధికారిని నియమించవలసిన నిర్మాణాలకు 1996 చట్టం 500 మంది కార్మికులను హద్దుగా పెట్టగా, కొత్త వృత్తి భద్రతా స్మృతి దానిని 250కి తగ్గించింది. పట్టణాలలో లేచే అపార్టుమెంట్లు అనేకం ఆ హద్దుకు దిగువనే ఉంటాయి. అక్కడ పరంజా గట్టితనాన్ని చూసేది మేస్త్రీ ఒక్కడే.

మేస్త్రీ తీసుకువచ్చిన కూలీ అయినా, తన వ్యాపారంలో భాగంగా పని అప్పగించిన అసలు నిర్మాణ సంస్థ పరిహార బాధ్యత నుంచి తప్పించుకోలేదు. చెన్నైలోనో బెంగళూరులోనో ప్రమాదం జరిగితే కేసుకోసం అక్కడికే తిరగనవసరం లేదు. ఆధారపడినవారు తాము నివసించే ప్రాంతపు అధికారి వద్దనే దావా వేయవచ్చు. గడువు రెండేళ్ళు. హాజరు చీటీ, కూలి జమ అయిన బ్యాంకు పుస్తకం, తోటి కూలీల సాక్ష్యం ఉద్యోగ సంబంధాన్ని రుజువు చేయడానికి పనికివస్తాయి.